నిమ్మకాయలో కరెంటు లేదు

(గుంటూరులో సైన్సు ఉపాధ్యాయులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలు ముందు వరసల్లో, మాస్టార్లు వెనక వరసల్లో కూర్చున్నారు. ఏ సభలోనైనా ఇది తలకిందులుగా ఉంటుంది కాబట్టి నాకు సంతోషంగానే ఉంది. టేబుల్ మీద పెట్టిన సామాను ప్రసంగం అయ్యాక ముట్టుకోవచ్చు. నీలం నీళ్లు మాత్రం ముట్టుకోవద్దు, ఎందుకో తర్వాత చెబుతాను.

ఇంట్లోనూ బజార్లోనూ దొరికే వాటితో బ్యాటరీ సెల్లు చేయడం గురించి మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే అందరికీ నిమ్మకాయే గుర్తొస్తుంది. మన దగ్గర ఏ స్కూల్లో సైన్సు ఫెయిర్ పెట్టినా ఒక మూల నిమ్మకాయల వరస ఉండి తీరుతుంది. ఒక్కో కాయకు ఒక జింకు పూత మేకు, ఒక రాగి తీగ. చివర్న ఎర్ర ఎల్‌ఈడీ ఒకటి ఉందా లేదా అన్నట్టు వెలుగుతూ ఉంటుంది. పైన చార్టు మీద ‘నిమ్మకాయ నుంచి విద్యుత్తు’ అని రంగు స్కెచ్ పెన్నులతో రాసి ఉంటుంది. జడ్జీగా పిలిచినప్పుడల్లా నేను అడిగేది ఒకటే: “ఆ మేకు పీకేసి, దాని చోట ఇంకో రాగి తీగ గుచ్చమ్మా.” గుచ్చగానే మీటరు దాదాపు సున్నాకు వచ్చేస్తుంది. కాయ ఉంది, రసం ఉంది, పులుపు ఉంది. కరెంటే లేదు.

అంటే శక్తి కాయలోంచి రావడం లేదు, మేకు మీది జింకులోంచి వస్తోంది. జింకు కరుగుతూ ఎలక్ట్రాన్లను వదులుతుంది. అవి తీగ గుండా రాగి వైపు పోతాయి. అక్కడ పులుపులోని హైడ్రోజన్ అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న హైడ్రోజన్ కణాలు, వాటిని అందుకుని వాయువుగా మారతాయి. నిమ్మరసం చేసే పని ఆ రెండింటి మధ్య దారి ఇవ్వడం, ఆ అయాన్లను సరఫరా చేయడం. ఆ పని చింతపండు పులుసు కూడా చేస్తుంది, ఉడికించిన బంగాళాదుంప అయితే ఇంకా బాగా చేస్తుంది. పచ్చి దుంపకన్నా ఉడికిన దుంప పది రెట్ల దాకా ఎక్కువ పవర్ ఇస్తుందని జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో చూపించారు. ఉడికితే దుంప లోపలి కణాల పొరలు దెబ్బతిని అయాన్లు సులువుగా కదులుతాయి.

ఇంకో లెక్క కూడా చూడండి. గ్రాము జింకు పూర్తిగా కరిగితే 0.82 ఆంపియర్-గంటల కరెంటు వస్తుంది. 1.1 వోల్టు దగ్గర కిలో జింకుకు 0.9 యూనిట్. అదే కిలో జింకును కర్మాగారంలో విద్యుద్విశ్లేషణతో తీయడానికి మూడు యూనిట్లకు పైనే ఖర్చవుతుంది. కాబట్టి ‘ఉచిత విద్యుత్తు’ అని చార్టు మీద రాసే పిల్లలను నేను కొంచెం ఎక్కువగానే సతాయిస్తాను.

ఇక అసలు విషయం. మల్టీమీటర్ పెట్టి నిమ్మకాయ 0.95 వోల్టు చూపించిందనుకోండి. షాపులో కొన్న పెన్సిల్ సెల్లు 1.5. తేడా పెద్దగా లేదే, రెండు కాయలు కలిపితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇక్కడే అందరూ పొరబడతారు. డిజిటల్ మీటర్ లోపల పది మెగా ఓంల దాకా నిరోధం ఉంటుంది. అది సెల్లు నుంచి కరెంటే లాగదు. లాగనప్పుడు ఏ సెల్లయినా గొప్పగానే కనిపిస్తుంది. మన మిర్చి యార్డులో లోపల వేల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఉన్నా గేటు మనిషి పట్టేంతే ఉంటే రోజుకు ఎన్ని బయటికి వస్తాయి? నిమ్మకాయ గేటు అలాంటిది. దాన్నే అంతర్నిరోధం అంటాం.

గేటు ఎంత ఇరుకో కొలవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ షాపులో రూపాయో రెండో పెట్టి ఒక వెయ్యి ఓంల రెసిస్టర్ కొనండి. ముందు ఊరికే వోల్టేజీ చూడండి, తర్వాత రెసిస్టర్‌ను సెల్లుకు అడ్డంగా తగిలించి మళ్లీ చూడండి. ఉదాహరణకు 0.95 ఉన్నది 0.25కి పడిందనుకుందాం. పోయిన వోల్టేజీని మిగిలిన వోల్టేజీతో భాగించి, వెయ్యితో గుణించండి. 2,800 ఓంలు వస్తుంది. ఆ కాయ నుంచి ఎంత పిండినా 0.08 మిల్లీ వాట్ మించి రాదు. మనింట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఉంది కదా, దానికి లక్షకు పైగా కాయలు కావాలి. తెనాలి నిమ్మ మార్కెట్‌కు లారీ తీసుకుని వెళ్లాల్సిందే! పిల్లలూ, సైన్సు ఫెయిర్‌లో వోల్టేజీ ఒక్కటే రాయకండి. లోడ్ పెట్టినప్పటి, అంటే రెసిస్టర్ తగిలించినప్పటి, వోల్టేజీ కూడా రాయండి. ఆ రెండో అంకె రాసిన స్టాల్ దగ్గర నేను ఎక్కువ సేపు నిలబడతాను.

నిమ్మకాయ సెల్లు ఇంకో రకంగా కూడా చతికిలబడుతుంది. కాయ బదులు గ్లాసులో రసం పోసి రాగి రేకు ముంచితే కళ్లతోనే చూడొచ్చు. కాసేపటికి రాగి మీద సన్నటి బుడగలు పట్టేస్తాయి. అవి హైడ్రోజన్. ఆ బుడగల పొర రాగిని కప్పేసి కరెంటును అడ్డుకుంటుంది, మీటరు దిగుతూ పోతుంది. పాత టూత్ బ్రష్‌తో రాగిని రుద్దండి, ముల్లు మళ్లీ లేస్తుంది. ముల్లు ఉన్న పాత మీటరు దొరికితే ఈ ఆట దాని మీదే ఆడాలి, డిజిటల్‌లో ఆ సరదా రాదు. 1800లో వోల్టా జింకు, వెండి బిళ్లల మధ్య ఉప్పునీళ్లలో తడిపిన అట్టముక్కలు పేర్చి మొదటి బ్యాటరీని లోకానికి చూపించాడు. దానికీ ఇదే జబ్బు.

ఆ జబ్బుకు మందు కనిపెట్టింది లండన్ కింగ్స్ కాలేజీలోని జాన్ ఫ్రెడరిక్ డేనియల్, 1836లో. బుడగలు పుట్టే అవకాశమే లేకుండా చేశాడు. రాగిని పులుపులో కాకుండా కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ముంచితే, ఎలక్ట్రాన్లను అందుకునేది హైడ్రోజన్ కాదు, రాగి అయాన్లు. అవి రాగి రేకు మీద కొత్త రాగిగా పేరుకుంటాయి. కరెంటుకు అడ్డం పడే పొర అంటూ ఏర్పడదు. జింకు వైపు జింక్ సల్ఫేట్. రెండు నీళ్లు కలిసిపోకుండా మధ్యలో ఒక తెర ఉండాలి, కానీ అయాన్లకు దారి ఇవ్వాలి. మొదట్లో ఆయన ఎద్దు గొంతు గొట్టాన్ని వాడాడు. తర్వాత మెరుగు పెట్టని మట్టి పాత్ర వచ్చింది.

ఇప్పుడు గుంటూరుకు వద్దాం. కాపర్ సల్ఫేట్ అంటే మన మైలుతుత్తం. సున్నంతో కలిపి మొక్కల తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమానికి రైతులు కొనేది అదే. జింక్ సల్ఫేట్ అంటే వరికి జింకు లోపం వచ్చినప్పుడు వేసేది. మట్టి పాత్ర అంటే కుమ్మరి చేసిన చిన్న ముంత. ఎద్దు గొంతు కోసం ఎవరూ తిరగక్కర్లేదు! ఎరువులు, పురుగుమందుల కొట్టు ఒకటి, కుండల బజారు ఒకటి చూసుకుంటే డేనియల్ సెల్లు సామాను చేతిలో ఉన్నట్టే. ఈ సౌకర్యం ఉన్న ఊళ్లో ఉండి కూడా ఏటా నిమ్మకాయల దగ్గరే ఆగిపోవడం నాకు నచ్చదు. కొట్లో ‘చిలేటెడ్ జింకు’ ఇస్తామంటారు, అది వద్దనండి. సల్ఫేటే కావాలి.

ముంత ఎంచుకోవడంలోనే సగం ఫలితం ఉంది. రంగు వేసినది, లోపల నున్నగా మెరిసేది పనికిరాదు. ముంతలో నీళ్లు పోసి పక్కన పెట్టండి. కాసేపటికి బయట చెమ్మ పడితే మంచిది. కుండలో నీళ్లు చల్లబడేది ఆ చెమ్మ ఆవిరవడం వల్లే. బొటాబొటా కారితే మాత్రం పగులు ఉన్నట్టు, వదిలేయండి. వాడే ముందు ముంతను నీళ్లలో నానబెట్టాలి. పొడి ముంతతో మొదలుపెట్టి “సార్, పనిచేయడం లేదు” అని ఫోన్ చేసేవాళ్లు చాలామంది.

వెడల్పు మూతి ఉన్న గాజు సీసాలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో మైలుతుత్తం ఇక కరగనంత వరకూ కలిపి పోయండి. అందులో రాగి తీగను చుట్టలా చుట్టి దించండి. మధ్యలో ముంత పెట్టి, అందులో పలుచటి జింక్ సల్ఫేట్ నీళ్లు పోసి జింకు రేకు నిలబెట్టండి. మీటరు 1.08 దగ్గర నిలబడుతుంది. ఇప్పుడు వెయ్యి ఓంలు కాదు, వంద ఓంల రెసిస్టర్ పెట్టండి. ముంత మంచిదైతే 0.95 దగ్గర ఆగుతుంది. లెక్క వేస్తే అంతర్నిరోధం పధ్నాలుగు ఓంల లోపే. ఇందాకటి నిమ్మకాయతో పోలిస్తే రెండు వందల యాభై రెట్లకు పైగా పవర్. ఇలాంటివి మూడు వరసగా కలిపితే తెల్ల ఎల్‌ఈడీ వెలుగుతుంది. అదీ గంటల తరబడి, తగ్గకుండా. అప్పట్లో తంతి ఆఫీసులు ఈ రకం సెల్లులను నమ్ముకుంది అందుకే.

పది మిల్లీ ఆంపియర్ల చొప్పున మూడున్నర రోజులు నడిపితే గ్రాము జింకు కరిగి, సుమారు గ్రాము రాగి పేరుకుంటుంది, నాలుగు గ్రాముల దాకా మైలుతుత్తం ఖర్చవుతుంది. కాటాలో తూచి సరిచూడండి. నీలం పలచబడటం కంటికే తెలుస్తుంది. వాడనప్పుడు మాత్రం జింకును బయటికి తీసి కడిగి పెట్టాలి. లేకపోతే నీలం నీళ్లు ముంత గోడ దాటి వచ్చి జింకు మీద నల్లగా రాగి పట్టేస్తుంది, జింకు ఊరికే తినేయబడుతుంది.

రాగి సంగతి సులువు. ఇంటి వైరింగ్ తీగ మీద ప్లాస్టిక్ ఒలిస్తే చాలు. మోటారు వైండింగ్ షాపులో ముక్కలు ఊరికే ఇస్తారు గానీ దాని మీద కంటికి కనిపించని వార్నిష్ ఉంటుంది, ఉప్పు కాగితంతో గీకాలి. పూజగదిలోంచి ఉద్ధరిణి పట్టుకురావద్దు, అమ్మ దగ్గర నా పేరు చెప్పొద్దు. నాణేలు కూడా వద్దు. ఇప్పుడు తిరిగే రూపాయి బిళ్ల స్టెయిన్‌లెస్ స్టీలు.

జింకు దగ్గరే చిక్కు. రేకుల షెడ్డు రేకు మీద జింకు పూత మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం ఉంటే గొప్ప. అది కరిగిపోగానే లోపలి ఇనుము బయటపడి వోల్టేజీ పడిపోతుంది. మంచి మూలం గోడ గడియారంలో వేసే చవక రకం కార్బన్-జింకు సెల్లు. పైన తొడుగు తీస్తే లోపలి డబ్బా మొత్తం జింకే. పూర్తిగా అయిపోయిన సెల్లు విప్పితే ఆ డబ్బాకు చిల్లులు పడి ఉంటాయి. కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మధ్యలో కార్బన్ కడ్డీ, చుట్టూ నల్లపొడి. ఆ పొడిలో ఉండేది మాంగనీస్ డయాక్సైడ్, 1866లో లెక్లాంషే అనే ఫ్రెంచి ఇంజనీరు బుడగల జబ్బుకు కనిపెట్టిన ఇంకో మందు. విజయవాడలో పాత ప్రెస్సుల సామాను అమ్మేవాళ్లు ఎవరైనా తెలిస్తే అడగండి. ఆఫ్‌సెట్ ముద్రణ రాకముందు బొమ్మలు అచ్చు వేసింది జింకు బ్లాకులతోనే. దొరికితే పండగే.

సెల్లు విప్పేటప్పుడు చేతికి గ్లవ్స్, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. ‘ఆల్కలైన్’ అని రాసి ఉన్నది విప్పొద్దు, లోపల చర్మాన్ని, కళ్లను కాల్చే క్షారం ఉంటుంది. ఫోన్ బ్యాటరీ అయితే ఆ ఆలోచనే వద్దు, మంటలు లేస్తాయి. ఆటోనగర్‌లో పాత ఇన్వర్టర్ బ్యాటరీలు విప్పుతుంటే చూసి, ఆ సీసం పలకలు అడిగి తెచ్చుకునే పిల్లలున్నారు. ఆ పని చేయొద్దు. సీసం ఒంట్లో చేరితే తిరిగి వెళ్లడం కష్టం, పిల్లలకు మరీ ప్రమాదం.

అల్యూమినియం ఫాయిల్, ఉప్పునీళ్లు, బొగ్గుపొడితో చేసే సెల్లు గురించి కూడా అడుగుతారని తెలుసు. అది గాలిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటుంది, 0.6, 0.7 వోల్టు ఇస్తుంది, నిమ్మకాయకన్నా కరెంటు చాలా ఎక్కువ. ఇస్త్రీ బండి బొగ్గుతో చేసి రాలేదని వదిలేస్తుంటారు. ముందు బొగ్గుముక్కకు రెండు వైపులా మీటరు పెట్టి నిరోధం చూడండి. మెగా ఓంలు చూపిస్తే అది కరెంటును పోనివ్వని బొగ్గు. అక్వేరియం షాపులో దొరికే యాక్టివేటెడ్ కార్బన్ వాడండి.

చివరగా ఆ నీలం నీళ్లు. మైలుతుత్తం కడుపులోకి పోతే విషం. సీసా మీద పేరు రాసి, చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి. కూల్‌డ్రింకు సీసాలో ఎట్టి పరిస్థితుల్లోనూ పోయొద్దు. సెల్లులో వాడిన నిమ్మకాయ, దుంప కూడా తినకూడదు, వాటిలో కరిగిన లోహాలు ఉంటాయి. ప్రయోగం అయ్యాక నీలం నీళ్లు కాలవలో పారబోస్తే చేపలు చస్తాయి. వాటిలో తడి సున్నం కలపండి. నీలం ముద్దలా అడుగుకు దిగి పైన నీళ్లు తేరుకుంటాయి. అది బోర్డో మిశ్రమానికి దగ్గరి చుట్టమే. కానీ పాళ్లు తూచి కలిపింది కాదు కాబట్టి మొక్కల మీద కొట్టకండి. ముద్దను ఎండబెట్టి పొట్లం కట్టి, మీ మాస్టారికి ఇవ్వండి.

టేబుల్ మీద మూడు ముంతలున్నాయి. ఎడమ వైపుది కావాలనే పొడిగా ఉంచాను. మీటర్లు రెండే ఉన్నాయి కాబట్టి పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున రండి. మాస్టార్లు ఈలోగా ప్రశ్నలు అడగొచ్చు.