ఒక సెల్లు, ఒక బల్బు, ఒకే ఒక్క తీగ

శ్రోతలకు నమస్కారం.

కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందని మన బెజవాడ పిల్లల్ని అడగండి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ నుంచని ఠక్కున చెప్తారు. మరి వచ్చిన కరెంటు ఎటు పోతుంది? అక్కడ ఆగిపోతారు. కుళాయిలో కృష్ణ నీళ్లలా వచ్చి బల్బులో అయిపోతుందనుకుంటారు. పెద్దవాళ్లలోనూ చాలామంది అనుకునేది అదే లెండి.

దీనికి నాకెంతో ఇష్టమైన ఆట ఒకటుంది. ఒక టార్చి సెల్లు, పాతరకం టార్చి బల్బు, జానెడు రాగి తీగ పిల్లల చేతికివ్వండి. ఎల్‌ఈడీ వద్దు, ఒక్క సెల్లుకి వెలగదు. తీగ కూడా ఒక్కటే, రెండోది ఇవ్వద్దు. "వెలిగించండి చూద్దాం" అని మీరు చేతులు కట్టుకు కూర్చోండి.

ముందు తీగ ఒక కొస సెల్లు బొడిపెకి, రెండోది బల్బు అడుక్కి ఆనిస్తారు. వెలగదు. సెల్లు తిరగేస్తారు. వెలగదు. "సెల్లు అయిపోయిందండీ!" అంటారు. చెప్పెయ్యాలని మనకి నోరు దురద పెడుతుంది. చెప్పకండి. దయచేసి చెప్పకండి. కాసేపటికి ఎవరో ఒకరు బల్బుని బొడిపె మీద నిలబెట్టి, సెల్లు అడుగునుంచి తీగ తెచ్చి బల్బు పక్కనున్న లోహపు తొడుక్కి ఆనిస్తారు. వెలుగుతుంది! ఇక ఆ గోల మీరే వినాలి.

బల్బు లోపలి సన్న తీగ ఒక కొస అడుగునున్న చుక్కకి, ఇంకో కొస తొడుక్కి అంటి ఉంటుంది. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి. వెళ్లాలి, తిరిగి రావాలి. ఆ దారి ఎక్కడ తెగినా దీపం ఆరిపోతుంది. గోడ మీద స్విచ్చి చేసే పనీ అంతే. ఇప్పుడు బల్బుకీ బొడిపెకీ మధ్య రూపాయి బిళ్ల పెట్టమనండి, వెలుగుతుంది. ప్లాస్టిక్ స్కేలు పెట్టమనండి.

తీగ గురించి ఒక మాట. మోటారు వైండింగ్ షాపు తీగ తళతళలాడుతుంది కానీ, దాని మీద ఎనామిల్ పూత ఉంటుంది. రెండు కొసలూ గీకకపోతే ఎన్నిసార్లు ఆనించినా లాభం లేదు. బల్బు లేకుండా తీగ సెల్లు రెండు వైపులా కలిస్తే చెయ్యి చురుక్కుమంటుంది, వెంటనే వదిలెయ్యమనండి.

టార్చి సెల్లు 1.5 వోల్టులు. గోడ ప్లగ్గులో 230. ప్లగ్గు జోలికి వెళ్లకూడదని చాలా ఇళ్లలో చెప్తారు. ఎవరూ చెప్పనిది పాత ఫోను బ్యాటరీ సంగతి. దాని కొసలు కలిస్తే మంటే లేవచ్చు. సొరుగులో అలాంటిదుంటే ముందు అది తీసి దాచండి, తర్వాత పిల్లల్ని పిలవండి.