తెలివి రావడం

సభకు నమస్కారం.

మా ఊళ్లో ఎవరైనా ఎండకు సొమ్మసిల్లి పడిపోతే మొహాన నీళ్లు చల్లుతారు. కళ్లు తెరవగానే పక్కవాళ్లు "హమ్మయ్య, తెలివొచ్చింది" అంటారు. లేచినవాడు జన్మలో ఒక్క లెక్క సరిగ్గా చేయనివాడైనా సరే, ఆ మాటే. పదో తరగతిలో ఫస్టొచ్చిన పిల్లనీ తెలివైందనే అంటాం. ఒకే మాటతో రెండు సంగతులు చెబుతున్నాం చూడండి. ఒకటి, ఎప్పుడేం చేయాలో అది చేయగలగడం. రెండోది, లోపల ఎవరో ఒకరుండి వెలుగో, నొప్పో, ఆకలో తెలియడం. ముప్పయ్యేళ్లు జంతుశాస్త్రం చెప్పినవాణ్ని కాబట్టి ఇవాళ ఈ రెండింటినీ విడదీసి చూద్దామనుకుంటున్నాను. మొదటి తెలివి ఎలా పెరుగుతూ వచ్చిందో చాలావరకు చెప్పగలం. రెండోదాని దగ్గర ఇంకా తడుముకుంటున్నాం.

విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు. భూమి వయసు 454 కోట్లు. జీవం ఆనవాళ్లు దాదాపు 350 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలోనే ఉన్నాయి. నరాలున్న జంతువులు వచ్చింది మాత్రం నిన్నగాక మొన్న, ఓ 60 కోట్ల ఏళ్ల కిందట అని అంచనా. మరి అంతకాలమూ తెలివన్నదే లేకుండా గడిచిందా? లేదండీ.

మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియానే తీసుకోండి. పొడుగు మిల్లీమీటరులో ఐదువందలో వంతు. ఒంటికి సన్నటి తోకల్లాంటి పోగులుంటాయి. అవి ఒకవైపు తిరిగితే జడలా కలిసిపోయి దాన్ని సూటిగా ఈదిస్తాయి. ఎదురువైపు తిరిగితే జడ విడిపోయి, అది ఉన్నచోటే గింగిరాలు కొట్టి ఏదో ఒక దిక్కుకి మళ్లుతుంది. చక్కెర ఎటుందో దానికి తెలియదు. ఆ కాస్త ఒంట్లో ముందుకీ వెనక్కీ తీపిలో తేడా పట్టుకోవడం కుదిరే పని కాదు. అందుకని ఇంకో ఉపాయం పట్టింది. ఇప్పటి తీపిని రెండు మూడు సెకన్ల కిందటి తీపితో పోల్చుకుంటుంది. పెరుగుతోందా, ఈత సాగిస్తుంది. తగ్గుతోందా, గింగిరం కొడుతుంది. కాసేపటి కిందటిది గుర్తుంటేనే కదా పోల్చుకోగలిగేది? ఆ గుర్తు దాని పొర మీది ప్రొటీన్లకు అతుక్కునే మిథైల్ గుంపులనే చిన్న రసాయన ముక్కల్లో ఉంటుంది. దీన్ని జ్ఞాపకం అనడానికి నాకు సంకోచం లేదు. చక్కెర తగ్గితే అది దిగులు పడుతుందని మాత్రం అనను.

నరం లేకుండానే ఇంత జరుగుతుంటే మెదడు దేనికి? సముద్రంలో సీ స్క్వర్ట్ అని ఒక జీవి ఉంది. పిల్లగా ఉన్నప్పుడు అచ్చం తోకకప్పలా ఈదుతుంది. సియోనా అనే జాతి పిల్లకి కేంద్ర నాడీమండలంలో ఉండేవి మొత్తం 177 న్యూరాన్లు, అంటే నరాల కణాలు. వెలుగేదో, కింద ఏదో తెలుసుకోవడానికి ఆ కాస్త చాలు. మంచి రాయి దొరగ్గానే తలతో అతుక్కుపోతుంది. ఇక జీవితాంతం అక్కడే కూర్చుని నీళ్లు వడపోసుకుంటుంది. అప్పుడు తోకనీ, పిల్లనాటి మెదడులో చాలా భాగాన్నీ ఒంట్లోకి కరిగించేసుకుంటుంది. మెదడు తినేస్తుందని సరదాకి చెబుతుంటారు గానీ అది కాస్త పెంచి చెప్పడమే. పెద్దయ్యాక కూడా దానికో చిన్న నాడీముడి ఉంటుంది. అయినా సంగతి తెలుస్తోంది కదా: కదలాల్సిన పని ఉన్నంతకాలమే అంత సరంజామా.

పోనీ, న్యూరాన్లన్నీ లెక్కపెట్టేస్తే మనసు తెలిసిపోతుందా? మట్టిలో ఉండే ఓ చిన్న నులిపురుగుకి 302 న్యూరాన్లు. ఏది దేనికి కలిసిందో 1986లోనే పూర్తి పటం వేశారు. ఇంటి వైరింగ్ పటమంతా చేతిలో ఉంది, అయినా ఆ పురుగు మరుక్షణం ఎటు తిరుగుతుందో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేం. 2024లో పండ్ల ఈగ మెదడు పటం వచ్చింది, దాదాపు 1,39,000 న్యూరాన్లు. మనకున్నవి 8,600 కోట్లు. ఆక్టోపస్‌కి 50 కోట్ల దాకా ఉంటే, అందులో మూడింట రెండు వంతులు చేతుల్లోనే! దానికీ మనకీ ఉమ్మడి పూర్వీకుడు ఏదో పురుగులాంటి జీవి. అంటే పెద్ద మెదడు అక్కడొకసారి, ఇక్కడొకసారి విడివిడిగా తయారైందన్నమాట. నాకైతే ఇదే అన్నిటికన్నా ఆశ్చర్యం.

ఇక రెండో తెలివి. 1998లో క్రిస్టాఫ్ కాక్ అనే మెదడు శాస్త్రవేత్త, డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్తతో పందెం కాశాడు. మెదడులో స్పృహ ఆనవాలు పాతికేళ్లలో పట్టేస్తామని. 2023లో న్యూయార్క్ సభలో కాక్ ఓడిపోయానని ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చాడు. మత్తుమందుతో ఆపరేషన్ 1846లోనే బోస్టన్‌లో అందరిముందూ చేసి చూపించారు. అప్పట్నుంచీ రోజూ మనుషుల తెలివిని ఆపుతున్నాం, మళ్లీ రప్పిస్తున్నాం. లోపల ఆగేదేమిటో మాత్రం పూర్తిగా తెలియదు. ఇంకో చిక్కుంది. ఆనాటి మత్తుమందు ఈథరే. దాని ఆవిరి తగిలితే అత్తిపత్తి కూడా ముట్టుకున్నా ముడుచుకోదు. మరి దానికీ తెలివి తప్పిందందామా?

ఇదంతా ఎక్కడి గొడవో అనుకోకండి, మన రొయ్యల చెరువుల దాకా వచ్చింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ బృందం 2021లో 300కి పైగా అధ్యయనాలు జల్లెడ పట్టి, పీతలకూ రొయ్యలకూ ఆక్టోపస్‌లకూ బాధ తెలుస్తుందనే అనుకోవాలని తేల్చింది. 2022లో బ్రిటన్ వాటిని జంతు సంక్షేమ చట్టంలో చేర్చింది. మన చెరువుల్లో పెంచే వనామీ కుటుంబం రొయ్యల మీద సాక్ష్యం, పీతల మీద ఉన్నంత గట్టిగా లేదు, అదీ చెప్పాలి.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలో పనిచేస్తున్నాడు. ఓసారి వెళ్తే చూపించాడు. తల్లి రొయ్యని తడిగుడ్డలో పట్టుకుని, ఒక కంటి కాడని కాల్చిన పట్టుకారుతో నొక్కేశాడు. గుడ్లు ఎదగకుండా ఆపే హార్మోను ఆ కాడలోంచే వస్తుంది. అది పోతే కొద్దిరోజుల్లో గుడ్లు తయారవుతాయి. రొయ్య తోకతో ఒక్క తన్ను తన్నింది.

"దీనికి తెలుస్తుందంటారా మాస్టారూ?" అన్నాడు.

"తోక కొట్టడం మొదటి తెలివిరా. దానికి లావుపాటి నరం వేరే ఉంది, బాధతో పనిలేకుండానే కొట్టిస్తుంది. ట్యాంకులో వేశాక ఏం చేస్తుందో చూశావా?"

"కాలిన చోట కాళ్లతో రుద్దుకుంటుందండీ. చాలాసేపు."

ఈసారి తిమ్మిరి మందు పూసి చూడమన్నాను. నెల తర్వాత ఫోన్ చేశాడు. మందు పూస్తే రుద్దుకోవడం తగ్గిందట. "తగ్గింది నొప్పా మాస్టారూ, రుద్దుకోవడమేనా?" అని అడిగాడు. అత్తిపత్తి పాఠం వాడికి చెప్పింది నేనే. ఇంకా జవాబివ్వలేదు. ఇప్పుడు ప్రశ్నల సమయం కదా, ముందు నేనే మిమ్మల్ని అడుగుతున్నాను. ఏం చెప్పమంటారు?