మన ఊరి కింది గ్యాసు ఎవరి జాబితాలో ఉంది?

(కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయంలో రాజ్యాంగ దినోత్సవం నాడు చేసిన ప్రసంగం)

సర్పంచ్ గారికి, హెడ్మాస్టరు గారికి, గ్రంథాలయం కమిటీ పెద్దలకు, ఈ హాలుకి ఫ్యాన్లు ఇచ్చిన దాతలకు, ఆ ఫ్యాన్ల కింద చోటు దొరక్క వరండాలో నిలబడ్డవాళ్లకు, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం. శాలువా వద్దన్నాను, వినలేదు. సంతోషం. ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. సోషల్ మాస్టారుగా రిటైరైనవాణ్ణి, పీరియడ్ అయ్యేదాకా ఆపే అలవాటు లేదు. మరీ ఎక్కువైతే హెడ్మాస్టరు గారు గంట కొట్టించండి.

విషయం 'కేంద్ర రాష్ట్ర సంబంధాలు' అని కరపత్రంలో వేశారు. పుస్తకంలో ఉన్నది ముందు చెప్పేస్తాను. దేని మీద ఎవరు చట్టం చేయాలో చెప్పే మూడు జాబితాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ఉన్నాయి. రాజ్యాంగం రాసిన రోజున కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశాలు. రక్షణ, రైళ్లు, కరెన్సీ ఢిల్లీవి. పోలీసు, వ్యవసాయం, భూమి రాష్ట్రానివి. ఉమ్మడి అంశాల మీద ఇద్దరూ చట్టాలు చేయొచ్చు, అవి పొసగకపోతే మామూలుగా పార్లమెంటు చట్టానిదే పైచేయి. 1976లో 42వ సవరణ చదువునీ, అడవులనీ రాష్ట్ర జాబితాలోంచి తీసి ఉమ్మడిలో పెట్టింది. పిల్లలూ, ఇది పరీక్షకు వస్తుంది, రాసుకోండి.

గోదావరి నీళ్ల గురించి కూడా చెప్పమన్నారు. నీరు రాష్ట్ర జాబితాలో 17వ అంశం. రాష్ట్రాలు దాటి పారే నదుల మీద మాత్రం కేంద్ర జాబితాలో 56వ అంశం పట్టు ఉంది. ధవళేశ్వరం గేట్లు ఎత్తేది రాష్ట్ర ఇంజినీర్లు. పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టు చేసింది పార్లమెంటు 2014లో చేసిన విభజన చట్టం. ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరు ఎంత ఖర్చు పెట్టారు అన్నది మీరు రోజూ టీవీలో వింటున్నదే. నేను దాంట్లో దిగితే మీరు భోజనాలకు వెళ్లలేరు.

నేను వచ్చింది గ్యాసు గురించి మాట్లాడదామని. కమిటీవాళ్లకు ముందు చెప్పలేదు, చెబితే ఒప్పుకోరని.

1995 జనవరి 8. పాశర్లపూడి బ్లోఅవుట్, అంటే గ్యాసు బావి అదుపు తప్పి ఎగదన్ని మండిన రోజు. ఆ మోత విన్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, తల నెరిసినవాళ్లందరూ ఎత్తారు. 65 రోజులు మండిందండి. రాత్రిపూట మా డాబా మీద దీపం లేకుండా మనుషులు కనబడేవాళ్లు. ఊళ్లు ఖాళీ చేయించారు. నాకు శిబిరంలో డ్యూటీ వేశారు. జనాభా లెక్కలు, ఎన్నికలు, బ్లోఅవుట్, దేనికైనా మాస్టార్లే కదా.

ఆ శిబిరంలో ఒక కొబ్బరి రైతు ఉండేవాడు. పేరు చెప్పను, మనవలు ఈ హాల్లోనే ఉన్నారు. తోట మాడిపోయింది, ఎవర్ని అడగాలి మాస్టారూ అన్నాడు. ఫలానా ఆఫీసుకి వెళ్లమన్నాను. బావి కేంద్రం వాళ్లది, మాకు సంబంధం లేదు, అక్కడే అడుక్కో అన్నారట. బావి తవ్విన కంపెనీ గేటు దగ్గరకు వెళ్తే, నష్టం లెక్కలు రాసేది రాష్ట్రం వాళ్లు, వాళ్లు రాసి పంపితే చూస్తాం అన్నారట. రెండు చోట్లకీ తిరిగి తిరిగి ఒక సాయంత్రం వచ్చి కూర్చున్నాడు. "ఈ ఇద్దరిలో గవర్నమెంటు ఎవరండీ?" అని అడిగాడు. ఇద్దరూనూ అన్నాను. "మరి ఇద్దరూ ఒక్కచోట ఎప్పుడు కూర్చుంటారండీ?" అన్నాడు.

ఈ కథ మీలో చాలామంది నా నోట విన్నదే. మళ్లీ చెబుతాను, వచ్చే ఏడాది పిలిస్తే అప్పుడూ చెబుతాను. ఆయన అడిగినదానికి ఇవాళ్టికీ జవాబు రాలేదు.

ఇప్పుడు చట్టం చూడండి. చమురు క్షేత్రాలు, పెట్రోలియం కేంద్ర జాబితాలో 53వ అంశం. రాష్ట్ర జాబితాలో 25వ అంశంగా గ్యాసు కూడా ఉంది. ఇంకేం, మాదే అనుకుని గుజరాత్ 2001లో సొంత చట్టం చేసుకుంది. 2004లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కుదరదంది. నేలలోంచి వచ్చే సహజవాయువు కేంద్రం పరిధిలోదేనని తేల్చింది. తీర్పుతో నాకు పేచీ లేదు. రాష్ట్రానికో రూలు పెట్టుకుంటే దేశమంతా పైపులైను ఎలా వేస్తారు?

డబ్బు దగ్గరకు రండి. సముద్రంలో తీసిన గ్యాసు 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది, దాని రాయల్టీ, అంటే తీసినందుకు కంపెనీ కట్టే సొమ్ము, కేంద్రానికే. నేల మీద తీసినదానికి రాయల్టీ రాష్ట్ర ఖజానాకు వెళ్తుంది. అక్కడి నుంచి ఊరికి? 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టారు. గని వల్ల దెబ్బతిన్న ఊళ్లకు నీళ్లకీ, ఆసుపత్రికీ ఆ నిధి ఖర్చు పెట్టాలి. ఆ చట్టం పెట్రోలియానికీ, సహజవాయువుకీ వర్తించదు. అంటే కంకర క్వారీ పక్కనున్న ఊరికి ఉన్న ఆసరా గ్యాసు బావి పక్కనున్న మన ఊరికి లేదు! ఇది నేను కోపంతో అంటున్నది కాదు, పుస్తకంలో ఉన్నదే అంటున్నాను. సరే, కోపం కూడా ఉంది.

పైపుల సంగతి ఇంకా చిత్రం. 1962 నాటి కేంద్ర చట్టం కింద మీ పొలంలో పైపు వేస్తే పొలం మీదే, పట్టా మీదే, వాడుకునే హక్కు మాత్రం పైపు వేసినవాళ్లది. ఆ హక్కు తీసుకున్నందుకు చట్టం చెప్పిన పరిహారం భూమి మార్కెట్ విలువలో పది శాతం. ఆ పైపు మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు వేయకూడదు. కోనసీమలో చెట్టు వేయకూడని భూమిని ఏం చేసుకోవాలండీ? ఆ పైన ప్రాణభయం. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాసు పైపు లీకై మంటలు లేచి ఇరవై మందికి పైగా పోయారు. అందులో ఎవరెవరున్నారో మన మండలంలో చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒకమాట. ఢిల్లీని తిడితే ఈ హాల్లో చప్పట్లు వస్తాయి, నాకు తెలుసు. నేను ఇవాళ రాష్ట్రాన్ని కూడా అడుగుతాను. 2024 జులైలో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, రాయల్టీ పన్ను కాదు, ఖనిజాలున్న భూమి మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉంది అంది. రాష్ట్రాలు గెలిచాయి, మంచిదే. అది గనుల కేసు, మన గ్యాసు కేసు కాదు. కానీ పైవాణ్ణి అలా అడిగి గెలిచిన రాష్ట్రాలు కిందివాడు అడిగితే ఏం చేస్తున్నాయి? పంచాయతీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణ 1993 నుంచి అమల్లో ఉంది. పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు 29 అంశాలు రాశారు. వాటిని అప్పగించడం శాసనసభల ఇష్టానికి వదిలేశారు. ఇష్టం పుట్టలేదు. ఆర్థిక సంఘం డబ్బు పంచాయతీ ఖాతాలో పడీపడగానే కరెంటు బకాయిల కింద సర్దేసిన రోజులు సర్పంచ్ గారికి గుర్తుండే ఉంటాయి. నవ్వుతున్నారు. అప్పుడు నవ్వలేదు లెండి.

గంట కొట్టించడానికి హెడ్మాస్టరు గారు లేస్తున్నారు. రెండు నిమిషాలండి.

జనవరి 26న గ్రామసభ ఉంది. దానికి ఒక తీర్మానం రాసుకొచ్చాను. నేల మీది గ్యాసు రాయల్టీలో ఒక భాగం బావులూ, పైపులూ ఉన్న ఊళ్లకు నేరుగా రావాలని రాష్ట్రాన్ని అడగాలి. ఖనిజ ఫౌండేషన్ లాంటిది గ్యాసుకి కూడా పెట్టమని మన ఎంపీ గారి ద్వారా పార్లమెంటుకు అర్జీ వెళ్లాలి. ఏ పైపు ఏ సర్వే నంబరు కిందుగా పోతోందో పటం పంచాయతీ గోడ మీద ఉండాలి. ప్రమాదం జరిగినా, పంట పోయినా కేంద్రం మనిషి, రాష్ట్రం మనిషి ఒకే బల్ల దగ్గర కూర్చుని కాగితం తీసుకోవాలి.

సర్పంచ్ గారూ, మీరు ఇప్పుడే మాటివ్వక్కర్లేదు. నకలు ఆ పేపర్ల బల్ల మీద పెట్టాను. పొలంలోంచి పైపు పోయినవాళ్లు సర్వే నంబరు రాసి సంతకం పెట్టండి. కౌలు రైతులు కూడా పెట్టొచ్చు, మాడేది వాళ్ల పంటే. సంతకం రానివాళ్లకు స్టాంపు ప్యాడ్ ఉంది. పెన్నుకు తాడు కట్టాను, దయచేసి జేబులో పెట్టుకుని వెళ్లకండి.