మంచం కోసం నిరీక్షణ: ఐర్లండ్ చట్టసభ ముందున్న ఒక లెక్క

శ్రోతలకు నమస్కారం. ఐర్లండ్ పార్లమెంటులో ఏళ్ల తరబడి నలుగుతున్న ఆసుపత్రుల రద్దీ గురించి, ముఖ్యంగా ఆ చర్చకు ఆధారంగా నిలిచిన ఒక లెక్క గురించి ఈ పూట మాట్లాడతాను.

అక్కడి నర్సులు, మిడ్‌వైఫ్‌ల సంఘం పనిదినాల్లో ప్రతి ఉదయం ఒక లెక్క తీస్తుంది. రోగిని చేర్చుకోవాలని వైద్యులు నిర్ణయించిన తరువాత కూడా మంచం దొరకక, ఎమర్జెన్సీ విభాగంలోనో వార్డు నడవలోనో స్ట్రెచర్ మీద ఎదురుచూస్తున్నవారు ఎందరున్నారో ఆసుపత్రులవారీగా లెక్కించి, ఆ అంకెను అదే రోజు ప్రజల ముందు పెడుతుంది. స్ట్రెచర్‌ను అక్కడ ట్రాలీ అంటారు కనుక దీనికి ట్రాలీ లెక్క అని పేరుపడింది. 2023 జనవరి 3న ఆ అంకె 931కి చేరింది. అంతకుముందెన్నడూ అంతమంది ఆ లెక్కకు ఎక్కలేదు. వీరంతా వైద్యం అవసరమో కాదో తేలక కూర్చున్నవారు కారు. చేర్చుకోవాలని నిర్ణయం జరిగిన తరువాత ఆగిపోయినవారు.

ఈ లెక్కలో తరచుగా ముందు వరుసలో కనిపించే పేరు లిమరిక్ నగరంలోని విశ్వవిద్యాలయ ఆసుపత్రి. 2009లో ఆ ప్రాంతంలోని ఎన్నిస్, నీనా పట్టణాల ఆసుపత్రుల్లో 24 గంటల ఎమర్జెన్సీ సేవలను ఎత్తివేసి, తీవ్రమైన కేసులన్నీ లిమరిక్‌కే వచ్చేటట్టు ఏర్పాటు చేశారు. నిపుణులందరూ ఒకేచోట ఉంటే వైద్యం మెరుగవుతుందన్న ఆలోచనలో తప్పేమీ లేదు. అయితే వచ్చేవారు పెరిగినంతగా మంచాలు పెరగలేదు. నాలుగు లక్షలమందికి పెద్ద దిక్కయిన ఆసుపత్రి ఇరుకైపోయింది. చిన్న ఆసుపత్రి తలుపు మూసేముందు పెద్ద ఆసుపత్రిలో మంచాలు సిద్ధం కావాలన్న మామూలు జాగ్రత్త అక్కడ లోపించింది. దాని బరువు మోసినవారు రోగులు, నర్సులు. ఆ మాట చెప్పేటప్పుడు నాకు బాధ కలుగుతుంది.

రద్దీ అనగానే మన చూపు ఆసుపత్రిలోకి వచ్చే దారి మీదే పడుతుంది. కాని చిక్కు చాలావరకు బయటికి వెళ్లే దారిలో ఉంటుంది. పై అంతస్తులోని వార్డులో తుంటి ఎముకకు శస్త్రచికిత్స జరిగి కోలుకున్న ఒక పెద్దావిడ ఉన్నదనుకోండి. ఇక ఇంటికి వెళ్లవచ్చని వైద్యుడు పొద్దున్నే చెప్పారు. అయితే ఆవిడకు స్నానం చేయించి, బట్టలు మార్చి, మందులు వేళకు అందించే మనిషి ఇంట్లో లేరు. ప్రభుత్వం తరఫున రావలసిన గృహసహాయకురాలు ఇంకా కుదరలేదు. కుదిరేవరకు ఆవిడ ఆ మంచం మీదే ఉంటుంది. ఆ మంచం ఖాళీ కాదు కనుక కింద ఎమర్జెన్సీలో న్యుమోనియాతో ఆయాసపడుతున్న మరొకరు స్ట్రెచర్ మీదే ఉంటారు. ఆ స్ట్రెచర్ ఖాళీ కాదు కనుక బయట అంబులెన్స్ సిబ్బంది తాము తెచ్చిన రోగిని అప్పగించలేక గుమ్మం దగ్గరే నిలిచిపోతారు. ఆ అంబులెన్స్ కోసం ఎక్కడో ఇంకొక ఇంట్లో ఎదురుచూస్తుంటారు. గృహసహాయం, ఆసుపత్రి, అంబులెన్స్ అని సభలో మనం విడివిడిగా వినే ఫిర్యాదులు ఇలా ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

డాల్ అని పిలిచే దిగువసభలో మంగళ, బుధవారాల్లో ప్రతిపక్ష నాయకులు ప్రధానమంత్రిని నేరుగా ప్రశ్నిస్తారు. ట్రాలీ లెక్క ఆ సమయంలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. ఇన్ని మంచాలు పెంచాం, ఇంతమందిని నియమించాం, ఇంత సొమ్ము కేటాయించాం అన్న తీరులో ప్రభుత్వం నుంచి జవాబు వస్తుంది. ఆ జవాబు అబద్ధం కాకపోవచ్చు. కాని అడిగింది నిరీక్షణ గురించి, చెప్పింది మంచాల గురించి. ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ కూడా తన పద్ధతిలో లెక్క తీస్తుంది. అది నర్సుల లెక్కతో కలవదు కనుక, విలువైన సమయంలో కొంత ఏ అంకె సరైనదన్న వాదనకే ఖర్చవుతుంది.

అందుచేత చట్టసభ సభ్యులు అడగవలసిన ప్రశ్న ఇంకొంచెం సూటిగా ఉండాలని నా అభిప్రాయం. ఎన్ని మంచాలున్నాయని కాక, చేర్చుకోవాలన్న నిర్ణయం జరిగిన క్షణం నుంచి రోగి వార్డులో మంచం ఎక్కేవరకు ఎన్ని గంటలు పట్టిందని అడగాలి. 75 ఏళ్లు దాటినవారు 24 గంటలకు మించి ఎమర్జెన్సీలో ఉండరాదన్న లక్ష్యాన్ని ఆ సంస్థే పెట్టుకున్నది కనుక, కనీసం వారి విషయంలోనైనా గంటల లెక్కను ఆసుపత్రివారీగా సభ ముందుంచమని కోరవచ్చు. దానితోపాటు వైద్యం పూర్తయి కూడా ఇంటికి వెళ్లలేక వార్డుల్లో ఉండిపోయినవారు ఎందరో, వారిలో ఎందరు గృహసహాయం కోసమే ఆగారో అడగాలి. ఈ రెండు అంకెలూ ఒకే జవాబులో, ఒకే తేదీతో రావాలి. అప్పుడు కొత్త మంచాలకు పెట్టే సొమ్ములో కొంత గృహసహాయకుల జీతాలకు మళ్లించాలా అన్న విషయాన్ని సభ ఆధారాలతో చర్చించగలుగుతుంది.