షుగరు లెక్క ఎక్కడ తప్పుతుంది?

శ్రోతలకు నమస్కారం.

మన జిల్లాలో ఏ పెద్దాసుపత్రి ఓపీ వరసలో చూసినా, షుగరు ఉన్న పెద్దవాళ్ల చేతిలో ఒక కవరు కనబడుతుంది. ఏ బట్టల షాపులోనో ఇచ్చిన కవరు. అందులో నాలుగైదేళ్ల రిపోర్టులు, మందుల చీటీలు, ఎప్పటిదో ఒక ఎక్స్‌రే. తీరా డాక్టరుగారి ముందు కూర్చున్నాక బయటికి తీసేది మాత్రం అన్నిటికన్నా పైనున్న ఒక్క కాగితం. దాని మీదున్న అంకెను బట్టే మాత్ర పెరుగుతుంది, లేదా ఇన్సులిన్ మొదలవుతుంది.

తిండి గురించీ నడక గురించీ మీరు చాలానే విని ఉంటారు. ఇవాళ నేను మాట్లాడేది ఆ అంకె గురించి. అది ల్యాబులో ఎలా పుడుతుంది, దారిలో ఎక్కడ చెడుతుంది, ఆసుపత్రి కంప్యూటర్‌లో ఎక్కడ తప్పిపోతుంది అన్నది. నా పని బయోకెమిస్ట్రీ ల్యాబులో, కాబట్టి మందుల సంగతి డాక్టర్లకే వదిలేస్తాను. ఒక్క మాట ముందే చెబుతాను. మన ఆసుపత్రులకు ఇప్పుడు ఎక్కువగా కావలసింది కొత్త మిషన్లు కావు. ఉన్న మిషన్లు ఇచ్చే అంకె సరైన మనిషి పేరు కింద, పాత అంకెల పక్కన, డాక్టరు కంటికి కనబడాలి. నా లెక్కలో సగం వైద్యం అక్కడే ఉంది.

ముందు ట్యూబు దగ్గర మొదలుపెడదాం. రక్తం ఒంట్లోంచి బయటికొచ్చినా అందులోని కణాలు బతికే ఉంటాయి. వాటికి ఆకలేస్తుంది. ట్యూబులో ఉన్న గ్లూకోజునే అవి తింటాయి. మామూలు గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం దాకా షుగరు ఇలా తరిగిపోతుంది. రోహిణి కార్తెలో మన గదులు ఎంత వేడిగా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకాయనకు పరగడుపున నిజంగా 130 ఉందనుకోండి. పరగడుపున 126, ఆపైన ఉంటే షుగరు జబ్బు కింద లెక్క. ఆ ట్యూబు రెండు గంటలు బల్ల మీదే ఉండిపోతే మిషను చూపించేది 115 దగ్గర. అంటే జబ్బున్న మనిషి ఇంకా జబ్బు రానివాడిగా ఇంటికి వెళ్లిపోతాడు. డాక్టరు తప్పు లేదు, మిషను తప్పూ లేదు.

అందుకే షుగరు పరీక్షకు బూడిద రంగు మూత ఉన్న ట్యూబు వాడతారు. అందులో సోడియం ఫ్లోరైడు ఉంటుంది. ఫ్లోరైడు పేరు వింటే కనిగిరి వైపు వాళ్లకు ఒళ్లు మండుతుంది, బోరునీళ్లలోంచి వచ్చి ఎముకల్ని వంచేసిన పదార్థం కదా. అదే ఫ్లోరైడు ఈ ట్యూబులో మాత్రం మన పక్షాన ఉంటుంది. కణాలు గ్లూకోజును వాడుకునే దారిలో ఒక ఎంజైమును పట్టుకుని ఆపుతుంది. కాకపోతే తక్షణం ఆపలేదు, పూర్తిగా పట్టు దొరకడానికి గంటకు పైనే పడుతుంది. ఆ మొదటి గంటలో పోయేది పోతూనే ఉంటుంది. అందువల్ల ఉదయగిరిలోనో మార్కాపురం అవతలి పల్లెలోనో రక్తం తీసి పట్నానికి పంపేటప్పుడు, వెంటనే ఐసులో పెట్టారా, ఎన్నింటికి తీశారు, ల్యాబుకు ఎన్నింటికి చేరింది అన్నవి అంకెతో పాటే రాసి ఉండాలి. చాలా రిపోర్టుల మీద ప్రింటు తీసిన టైము ఉంటుంది కానీ రక్తం తీసిన టైము ఉండదు. నన్నడిగితే ఆ ఒక్క గడి నింపించడం ఖరీదైన మిషను కొనడం కన్నా ముఖ్యం.

ఇక మూడు నెలల షుగరు. రిపోర్టులో హెచ్‌బీఏ1సీ అని ఉంటుంది. ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌కు గ్లూకోజు మెల్లగా అంటుకుంటుంది, ఒకసారి అంటుకుంటే ఇక వదలదు. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుచేత ఈ అంకె గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది. పొగాకు పండించే కందుకూరు, పొదిలి వైపు రైతులకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పొగాకు కాల్చే బ్యారన్‌లోంచి తీసిన ఆకు రంగు చూసి, ఎన్ని రోజులు ఎంత మంట పెట్టారో పసిగడతారు కదా, చివరి రోజు మంట తగ్గించినంత మాత్రాన రంగు మారదు. అలాగే టెస్టుకు ముందు మూడు రోజులు పథ్యం పాటించి వచ్చే పెద్దమనుషుల గుట్టు ఈ పరీక్ష దగ్గర దాగదు. ఇందులో 7 శాతం ఉంటే, సగటున డెసిలీటరుకు 154 మిల్లీగ్రాముల షుగరు ఒంట్లో తిరిగినట్టు. 9 అయితే 212.

ఈ పరీక్ష వెనక కథ ల్యాబు పరిశోధన అంటే ఏమిటో చెబుతుంది. 1968లో ఇరాన్‌లో శామ్యూల్ రహబర్ అనే శాస్త్రవేత్త వెతుకుతున్నది షుగరు గురించి కాదు. మామూలుకన్నా తేడాగా ఉండే హిమోగ్లోబిన్ రకాల కోసం ఎంతోమంది రక్తం పరీక్షిస్తుంటే, షుగరు ఉన్నవాళ్ల నమూనాల్లో ఒక వింత పట్టీ, అంటే తేడాగా ఉన్న ఒక హిమోగ్లోబిన్ గుర్తు, పదే పదే కనబడింది. ఆయన దాన్ని పక్కకు తోసేయలేదు. ఆ తర్వాత అమెరికా, కెనడాల్లో 1441 మందితో జరిగిన పెద్ద అధ్యయనం 1993లో తేల్చింది, ఈ అంకె తగ్గించి ఉంచితే కళ్లు, మూత్రపిండాలు, నరాలు చెడడం బాగా తగ్గుతుందని. అప్పటిదాకా ఒక చిక్కు ఉండేది. ఒకే రక్తానికి ఒక ల్యాబు 7 అంటే ఇంకో ల్యాబు 9 అనేది, ఎవరి పద్ధతి వాళ్లది. 1996 నుంచి అన్ని పద్ధతుల్నీ ఒకే కొలతకు కట్టే ఏర్పాటు మొదలైంది. ఆ ఏర్పాటు గట్టిపడ్డాకే, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 6.5 శాతం, ఆపైన ఉంటే షుగరు జబ్బని నిర్ధారించవచ్చని ఒప్పుకుంది. పరీక్ష పుట్టడం ఒక ఎత్తు, అన్ని ఊళ్లలో ఒకే అంకె వచ్చేలా చేయడం ఇంకో ఎత్తు. దానికి నలభై ఏళ్లు పట్టింది.

ఇంత చేసినా ఈ అంకె కొందరి దగ్గర అబద్ధం చెబుతుంది. ఇనుము తక్కువై రక్తం పలచబడ్డ ఆడవాళ్లలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నా, రక్తం బాగా పోయినా తక్కువ చూపిస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లలో అసలు దాన్ని నమ్మాలో వద్దో ఆలోచించాలి. కాబట్టి హెచ్‌బీఏ1సీ పక్కన హిమోగ్లోబిన్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా కనబడితేనే డాక్టరు దాన్ని సరిగ్గా చదవగలరు. ఈ మూడూ ఒకే మనిషివే, చాలాసార్లు ఒకే ల్యాబువే. అయినా మూడు కాగితాల మీద, మూడు తేదీల్లో, అదే బట్టల షాపు కవరులో పడి ఉంటాయి.

ఇక్కడే కంప్యూటర్ మాట వస్తుంది. మీ పేరు చెప్పి ఓపీ చీటీ రాయించుకోగానే మీకొక నంబరు పడుతుంది. ట్యూబు మీద అంటించే బార్‌కోడ్ ఆ నంబరుకే ముడిపడి ఉంటుంది. మిషను బార్‌కోడ్ చదివి, అంకెను నేరుగా మీ పేరు కిందికి పంపుతుంది. మధ్యలో చేతిరాత లేదు కాబట్టి 136ని 163గా ఎక్కించే ప్రమాదం తప్పింది. అసలు చిక్కు ల్యాబులో రాదు, ఓపీ కౌంటరు దగ్గరే వస్తుంది. నెల్లూరు జిల్లాలో పెంచలయ్యలు ఎంతమందో, మాలకొండ చుట్టుపక్కల మాలకొండయ్యలు ఎంతమందో మీకు తెలుసు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక. ఒకసారి పొడి అక్షరం మాత్రమే. వయసు అడిగితే "యాభై వేసుకోండి సార్" అంటారు, మూడేళ్ల తర్వాత కూడా యాభయ్యే. ఫోను నంబరు కొడుకుది ఒకసారి, పక్కింటివాళ్లది ఒకసారి. ఒకే పెంచలయ్యకు మూడు నంబర్లు పడతాయి, లేదంటే ఇద్దరు పెంచలయ్యలు ఒకే నంబరులోకి వెళ్లిపోతారు. రెండోది మరీ ప్రమాదం.

మూడు నంబర్లు పడితే ఏం పోయిందంటారా? ల్యాబు కంప్యూటర్‌లో ఒక కాపలా ఉంటుంది. కొత్త అంకె రాగానే అదే మనిషి పాత అంకెతో పోల్చి చూస్తుంది. మూడు వారాల కిందట హెచ్‌బీఏ1సీ 6.1 ఉన్న మనిషికి ఇవాళ 11.4 వచ్చిందంటే ఒంట్లో అలా జరగడం కష్టం. బహుశా ట్యూబులు తారుమారయ్యాయి. కంప్యూటర్ రిపోర్టును ఆపి, మళ్లీ చూడమంటుంది. మనిషికి పాత అంకెలు లేకపోతే, అంటే అవి వేరే నంబరు కింద ఉండిపోతే, ఆ కాపలాకు కళ్లు లేనట్టే. "ఏంది సార్, మొన్న 180 ఉన్నింది, ఇయ్యాల 290 అంటున్నారే, ఎట్టా?" అని ఎవరైనా అడిగితే విసుక్కోకూడదు. కంప్యూటర్ అడగాల్సిన ప్రశ్నను ఆయన అడుగుతున్నాడు.

మిషను సంగతి కూడా ఒక ముక్క. ప్రతి ఉదయం రోగుల నమూనాలకన్నా ముందు, విలువ తెలిసిన నమూనాను మిషనులో పెట్టి చూస్తాం. వచ్చిన అంకెను గ్రాఫు మీద చుక్కగా పెడతాం. ఈ పద్ధతిని లెవీ, జెన్నింగ్స్ అనే ఇద్దరు 1950లో ల్యాబుల్లోకి తెచ్చారు. చుక్కలు వరసగా ఒకే వైపు జారుతుంటే మిషను దారి తప్పుతోందని అర్థం. ఇది మన ఇంట్లో మనం చూసుకునే లెక్క. బయటి పరీక్ష కూడా ఉంటుంది. వెల్లూరు సీఎంసీ దేశంలోని ల్యాబులకు విలువ చెప్పకుండా నమూనాలు పంపి, ఎవరు ఎంత దగ్గరగా చెప్పారో లెక్క కట్టి ఇస్తుంది. మీ ల్యాబువాళ్లను ఇలాంటి పరీక్షలో ఉన్నారా అని అడగడంలో మర్యాద తప్పేమీ లేదు.

వార్డులో పరిస్థితి వేరు. ఆపరేషన్ కోసమో కాలి పుండుకోసమో చేరిన షుగరు రోగికి రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చి గ్లూకోమీటరుతో చూస్తారు. ఇంటి గ్లూకోమీటర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే 100 పైన అంకెలో 15 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. రక్తం పలచగా ఉన్నవాళ్లలో అది ఎక్కువ చూపిస్తుంది కూడా. అయినా మంచం పక్కన అదే దిక్కు, అదే సరైనది కూడా. నా బాధ వేరే. ఆ అంకెలు కేసు షీటులో పెన్నుతో రాస్తారు, కంప్యూటర్‌లోకి రావు. తెల్లవారుజామున మూడింటికి షుగరు 58కి పడిపోయి, సిస్టరు గ్లూకోజు ఎక్కించి మనిషిని నిలబెట్టింది. 70కి తగ్గితేనే ప్రమాదం కింద లెక్క. ఇంటికి పంపే చీటీలో ఆ సంగతి ఉండదు. ఇన్సులిన్ అదే మోతాదులో కొనసాగుతుంది. నాకు తెలిసి ఆసుపత్రుల్లో షుగరు సమాచారంలో పెద్ద కన్నం ఇదే.

ఇంకొక కన్నం పుట్టింటి కాన్పు. దర్శిలో కాపురం ఉంటున్న అమ్మాయి గర్భంతో ఉన్నప్పుడు షుగరు బయటపడింది. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూస్తే 140 దాటింది. ఏడో నెలలో కావలిలో పుట్టింటికి వచ్చింది, కాన్పు అక్కడే అయింది. కాన్పయ్యాక షుగరు సర్దుకుంటుంది, అందరూ మరచిపోతారు. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయాలి, ఎందుకంటే ఇలాంటివాళ్లకు తర్వాతి ఏళ్లలో షుగరు జబ్బు వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఆ ఆరు వారాలకు బిడ్డతో ఆమె ఎక్కడుంటుందో, ఏ ఆసుపత్రి లెక్కలో ఉంటుందో! గుర్తు చేయాల్సింది కావలి కంప్యూటరా, దర్శి కంప్యూటరా?

ఇలాంటి ప్రశ్నల కోసమే ల్యాబు అంకెల మీద పరిశోధన చేస్తాం. పరిశోధన అనగానే కొత్త మందు కనిపెట్టడం అనుకుంటారు. మాలాంటివాళ్లం చేసేది ఇంతకన్నా మామూలు పని. పేర్లు, ఫోను నంబర్లు తీసేసి, నైతిక కమిటీ అనుమతితో పాత అంకెల్ని ముందేసుకుంటాం. షుగరు మందులు వాడేవాళ్లలో ఏడాదిగా మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, అంటే మూత్రపిండాలు చెడుతున్నాయేమో చూసే పరీక్ష, జరగనివాళ్లు ఎంతమంది? ఎముకల వార్డులో, కంటి వార్డులో షుగరు 200 దాటి వచ్చినా, షుగరు రోగి అని ఎక్కడా రాయనివాళ్లు ఎవరు? వీటికి జవాబు చెప్పడానికి కొత్తగా ఒక్క చుక్క రక్తం తీయనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ఆసుపత్రి అంకెల్ని చూసి జిల్లాలో ఇంతమందికి షుగరు ఉందని చెప్పకూడదు. మా దగ్గరికి వచ్చేదే బాగాలేనివాళ్లు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ల ఇండియాబ్ అధ్యయనం ఇళ్లకే వెళ్లి లక్షమందికి పైగా పరీక్షించింది కాబట్టే, దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉండవచ్చని 2023లో లెక్క చెప్పగలిగింది.

ఈమధ్య రిపోర్టులు వాట్సాప్‌లో వస్తున్నాయి. సంతోషమే, బస్సు ఎక్కే పని తప్పింది. కానీ అది కంప్యూటర్‌కు ఒక బొమ్మ మాత్రమే, అందులోని 8.4ని తీసి పాత 7.9 పక్కన అది పెట్టుకోలేదు. అంకెలు అంకెలుగా ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి వెళ్లాలనే 2021లో దేశమంతటా ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలుపెట్టారు. అందులో మనిషికి 14 అంకెల ఆభా నంబరు ఇస్తారు. మీరు ఒప్పుకుంటేనే ఒకచోటి రికార్డు ఇంకోచోట తెరుచుకుంటుంది. పెళ్లి సంబంధాలు చూసే ఇళ్లలో షుగరు సంగతి బయటికి పొక్కుతుందేమోనన్న భయం నాకు తెలుసు, ఆ భయం తప్పూ కాదు. అందుకే ఒప్పుకోమని ఎవరైనా ఫోను చేతికిస్తే, ఎవరికి, ఎన్నాళ్లకు ఒప్పుకుంటున్నామో చదివించుకుని నొక్కండి.

ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు కొన్ని పనులు చేయండి. తిన్నాక చేసే పరీక్షకు రోజూ తినేదే తినండి, రోజూ వేసుకునే మాత్రే వేసుకోండి. రెండు గంటలు మొదటి ముద్ద నుంచి లెక్క. పాత చీటీ మీది నంబరు కౌంటరులో ముందుగా చూపించండి, కొత్త చీటీ రాయబోతుంటే ఆపండి. పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే చెప్పండి. రక్తం తీసేటప్పుడు ట్యూబు మీద అంటించిన పేరు మీదేనా అని ఒకసారి చదవండి, చదువు రాకపోతే పక్కనున్న పిల్లల చేత చదివించుకోండి. రక్తం తీసే అమ్మాయి ఏమీ అనుకోదు. అనుకున్నా ఫరవాలేదు.

నమస్కారం.