గుప్పిట బిగిస్తేనే పేలే పిస్టల్

హోస్ట్: నమస్తే. ఈసారి కూడా బాలానగర్‌లో మా బాబాయ్ లేత్ షాపులోనే కూర్చున్నాం. వెనకాల మిషన్ చప్పుడు వినిపిస్తే ఏమనుకోకండి. బాబాయ్, పోయినసారి పీ7 పిస్టల్ అన్నావు, ఇంతలో కరెంటు పోయింది.

బాబాయ్: ఆఁ, జర్మనీలో హెక్లర్ అండ్ కోఖ్ కంపెనీ వాళ్లదిరా. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ ఆటగాళ్లను చంపారు చూడు, ఆ తర్వాత అక్కడి పోలీసులు కొత్త 9 ఎంఎం పిస్టల్ కావాలన్నారు. ఒరలోంచి తీయగానే పేలాలి, విడిగా సేఫ్టీ మీట వెతుక్కునే పని ఉండకూడదు. వాల్తర్, సిగ్ కంపెనీల పిస్టళ్లూ పాసయ్యాయి గానీ, అందులో వింతది ఇదే.

హోస్ట్: సేఫ్టీ లేకపోతే కింద పడితే పేలదా?

బాబాయ్: పిడి ముందు వైపు పొడుగూతా ఒక మీట ఉంటుంది. నీ బండి క్లచ్ అనుకో. గుప్పిట బిగిస్తే లోపల స్ప్రింగ్ ఎక్కుతుంది, వదిలితే దిగిపోతుంది. బిగించడానికి 7 కిలోల బలం కావాలి, బిగించాక పట్టుకోవడం తేలికే. చెయ్యి జారిందా, నేల తాకేలోపే అది ఉత్త ఇనుప ముక్క.

హోస్ట్: అమీర్‌పేట సిగ్నల్‌లో రోజూ చేసేది అదేగా!

బాబాయ్: (నవ్వు) నాకు నచ్చింది మాత్రం బ్యారెల్, అదే గుండు బయటికొచ్చే గొట్టం. ఫ్రేముకే బిగించేశారు, కదలదు. గురి కుదిరేది అందుకే. మరి పేలగానే వెనక్కి జరిగే పైభాగం ఉంటుంది కదా, ఆ స్లైడ్‌ని ఒక్క క్షణం ఆపేదెవరు? బ్యారెల్‌కు సన్న బెజ్జం పెట్టి, పేలిన గ్యాస్‌ను కింద సిలిండర్‌లోకి వదిలారు. స్లైడ్‌తో పాటు వెనక్కొచ్చే పిస్టన్‌ను అదే నిలబెడుతుంది. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి కొట్టి చూడు.

హోస్ట్: పంపు కాలుతుంది బాబాయ్.

బాబాయ్: ఇదీ కాలేది! సిలిండర్ సరిగ్గా ట్రిగ్గర్ నెత్తిన ఉంది. ఆగకుండా కాలిస్తే వేలు చుర్రుమనేది. తర్వాత ప్లాస్టిక్ కవచం అడ్డం పెట్టారు. ఎం8 మోడల్‌లో 8 గుళ్లు, ఎం13లో 13.

హోస్ట్: ఇంత మంచిదాన్ని 2008లో ఎందుకు ఆపేశారు?

బాబాయ్: ఖర్చురా. అంతా ఉక్కు, అంతా మిల్లింగ్, అంటే మిషన్ మీద చెక్కి తీయడమే. అవతల 1980ల్లోనే గ్లాక్ పిస్టల్ ప్లాస్టిక్ ఫ్రేముతో దిగింది. అచ్చులో పోసి తీసేదానితో ఇది ధరలో ఎక్కడ పోటీ పడుతుంది? మొన్న ఒక పార్టీ వెంట్రుకంత తేడా రాకూడదన్నాడు. రెండు రోజులు కూర్చుని చేసిచ్చా. రేటు వినగానే పక్క షాపుకు పోయాడు.

హోస్ట్: మరి ఆ ముక్క?

బాబాయ్: అదిగో, పేపర్లు ఎగిరిపోకుండా పెట్టా.