పెద్దవయసులో థైరాయిడ్: మాత్ర అందరికీ అవసరమా?

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, 75 ఏళ్ల మనిషికి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 6 వచ్చింది. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలా?

ఎండోక్రైనాలజిస్టు: టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను, గ్రంథి మందగిస్తే అది పెరుగుతుంది. టీ4 అంటే ఆ గ్రంథి తయారుచేసే హార్మోను. ఆ టీ4 ఎంతుందో చెప్పకుండా అడుగుతున్నారు. అందరూ అలాగే అడుగుతారు లెండి! టీ4 మామూలుగా ఉండి టీఎస్‌హెచ్ ఒక్కటే కాస్త పెరిగితే నేను వెంటనే మందు రాయను. వయసుతోపాటు అది కొంత పెరగడం సహజం. రిపోర్టులో పక్కన అచ్చువేసే హద్దులు చాలావరకు వయసును పట్టించుకోవు. రెండు మూడు నెలలాగి మళ్లీ పరీక్ష చేయిస్తే చాలామందికి దానంతటదే తగ్గుతుంది.

వ్యాఖ్యాత: నీరసం, మలబద్ధకం కూడా ఉంటే?

వృద్ధుల వైద్యురాలు: వాటికి రక్తహీనత, నిద్రలేమి, వాడుతున్న వేరే మందులు కూడా కారణం కావచ్చు. 2017లో వెలువడిన 'ట్రస్ట్' అనే అధ్యయనంలో 65 ఏళ్లు, ఆపైన ఉన్న 737 మందిని పరిశీలించారు. ఇలాంటి స్వల్ప లోపానికి లీవోథైరాక్సిన్, అంటే థైరాయిడ్ హార్మోను మాత్ర, వాడినా నీరసంలో తేడా రాలేదు.

ఎండోక్రైనాలజిస్టు: టీఎస్‌హెచ్ 10 దాటితే మాత్రం మందు గురించి ఆలోచిస్తాం. టీ4 కూడా పడిపోతే ఇవ్వాల్సిందే. గుండెజబ్బు ఉన్నవారికి 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, 6 నుంచి 8 వారాలకోసారి చూసి పెంచుతాం.

వృద్ధుల వైద్యురాలు: నా భయమల్లా మోతాదు ఎక్కువైనవారి గురించే. యాభైలో రాసిన మోతాదునే ఎనభైలోనూ వేసుకుంటూ ఉంటారు. గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారుతాయి.

వ్యాఖ్యాత: గుండెదడ, చేతుల వణుకుతో తెలిసిపోదా?

వృద్ధుల వైద్యురాలు: హార్మోను ఎక్కువైనా పెద్దవారిలో అవి కనిపించకపోవచ్చు. బరువు తగ్గుతారు, ఆకలి మందగిస్తుంది, ఎవరితోనూ మాట్లాడకుండా ఓ మూల కూర్చుంటారు. ఇంట్లోవాళ్లు దిగులనుకుంటారు, కొన్నిసార్లు డాక్టర్లూ అలాగే అనుకుంటారు.

వ్యాఖ్యాత: మాత్ర వేసుకునే పద్ధతి క్లుప్తంగా చెప్పండి.

ఎండోక్రైనాలజిస్టు: పరగడుపున, మంచినీళ్లతో, తిండికి అరగంట నుంచి గంట ముందు. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే రక్తపరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపండి, లేదంటే ఫలితం తప్పుగా రావచ్చు.

వ్యాఖ్యాత: ఒక ప్రేక్షకురాలు అడుగుతున్నారు: "ఇప్పుడు బాగానే ఉన్నాను, మానేయవచ్చా?"

వృద్ధుల వైద్యురాలు: అమ్మా, ఆ బాగుండటం మాత్ర చలవే కావచ్చు. థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తీయించుకున్నవారైతే మానకూడదు. మిగతావారు మందు మొదలుపెట్టినప్పటి రిపోర్టు వెతికి డాక్టరుకు చూపించండి. తగ్గించవచ్చని వారంటే మెల్లగా తగ్గించి, 6 వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోండి.